పెసరట్టుతో పాటు వెటకారం ఉచితం: రాజమండ్రిలో ఓ టిఫిన్ హోటల్

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనకాల సందులో ఓ టిఫిన్ హోటల్ ఉంది. పేరు రాయను. ఎందుకు రాయట్లేదో కింద దాకా చదివితే తెలుస్తుంది, అయినా బోర్డు మీదున్న పేరుతో దాన్ని పిలిచేవాళ్లని నేను చూళ్లేదు.

ముందు తిండి సంగతి. పెసరట్టు చాలా బాగుంది, దాని గురించి రెండో మాట లేదు. పొట్టుతోనే పచ్చ పెసలు రాత్రి నానబోసి, తెల్లారగట్ల రుబ్బి, పులవనివ్వకుండా అప్పటికప్పుడు పోస్తారు, అందుకే పదిన్నర దాటాక వెళ్తే "పిండైపోయిందండీ" అన్న మాట తప్ప ఏమీ దొరకదు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో ఉల్లి, అల్లం, జీలకర్ర చల్లినచోట మెత్తగా ఉంటుంది, ఉప్మా లోపల పెట్టమంటే పెడతారు కానీ నా సలహా విడిగా తీసుకోమనే, లోపల పెడితే అట్టు చెమట పట్టి మెత్తబడిపోతుంది. అల్లం పచ్చడిలో బెల్లం ఓ పిసరు ఎక్కువే, గోదావరి వాళ్లకి అదే ఇష్టం, గుంటూరు నుంచి వచ్చినవాళ్లు మొహం చిట్లిస్తారు. ఇడ్లీ ఫర్వాలేదు. సాంబారు గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

కానీ జనం అక్కడికి వచ్చేది సగం పెసరట్టు కోసం, మిగతా సగం గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓనరు గారి నోటి కోసం. సినిమాలు చూసి, మాట చివర "ఆయ్" తగిలిస్తే గోదావరి వెటకారం అయిపోతుందనుకునేవాళ్లు ఒక్క పూట ఇక్కడ కూర్చోవాలి. ఆయన గొంతు పెంచడు, నవ్వడు, "అండీ" వదలడు. కొత్తగా వచ్చిన ఒకాయన "ఇడ్లీ మెత్తగా ఉంటుందా?" అనడిగితే, చిల్లర లెక్కపెట్టుకుంటూ తలైనా ఎత్తకుండా, "లేదండీ, పొద్దున్నే మేస్త్రీలొచ్చి పట్టుకెళ్తుంటారు, గోడలు కట్టుకోడానికి" అన్నాడు. చట్నీ మళ్లీ మళ్లీ అడుగుతున్న నా పక్క టేబులాయనతో, "పోనీ చట్నీలో నంజుకోడానికి రెండిడ్లీలు పంపించమంటారా?" పెసరట్టుకి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీస్తున్న కుర్రాళ్లతో, "ఆధార్ కార్డుకాండీ? చల్లారిపోతే మొహం మారిపోద్ది, తొందరగా తీసేయండి."

ఎవరూ కోప్పడలేదు. అడిగినాయనే అందరికంటే ముందు నవ్వాడు. తిట్టు తిట్టులాగే వస్తే మనం ఎదురు తిరుగుతాం, మర్యాద వేషం వేసుకుని వస్తే మాత్రం దాని ముసుగు మనమే తీసి చూసుకోవాలి, తీసి చూసుకున్నాక అందులో మన తెలివి కూడా కాస్త కలిసింది కదా అని నవ్వొస్తుంది. వెటకారం పనిచేసేదే అలాగ.

తిండి మీద వెటకారం తెలుగులో కొత్తేమీ కాదు. రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చిన శ్రీనాథుడి పేరు మీద ఓ చాటువుంది. సుఖంగా తిని తిరిగిన మనిషికి ఎక్కడో జొన్నకూడు, చింతాకు వేసి వండిన వేడి వేడి బచ్చలికూర పెట్టారు. ఆయన వంటవాళ్లని ఒక్క మాటనలేదు, తిన్నగా కృష్ణుణ్ణి పిలిచాడు. అప్పుడెప్పుడో పూతన చన్నుల్లో విషం తాగాననీ, కార్చిచ్చు మింగాననీ నిక్కుతున్నావు కదా, ఈ జొన్నకూట్లో ఈ కూర కలిపి మెల్లగా ఒక్క ముద్ద దిగమింగు చూద్దాం, నీ పస తెలుస్తుంది అన్నాడు. కూడు బాగాలేదన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. విషం, నిప్పు, ఆ తర్వాత ఈ ముద్ద: లెక్క కట్టుకోవాల్సింది వినేవాడు. ఆరొందల ఏళ్లకి దగ్గర పడుతున్నా ఇంతకంటే ఘాటైన ఫుడ్ రివ్యూ నేను చదవలేదు. (జొన్నకూడు ఇష్టంగా తినే ఊళ్లవాళ్లు ఈ పద్యం విని ఏమనుకునేవారో అని మాత్రం నాకెప్పుడూ అనుమానమే.)

ఇప్పుడు మనకి పద్యాలు లేవు, స్టార్లున్నాయి. ఈ హోటల్‌కే ఎవరో ఆన్‌లైన్‌లో ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చి, "సాంబారు అద్భుతం, అడుగున నాణెం వేసినా బొమ్మా బొరుసూ స్పష్టంగా కనబడుతుంది" అని రాశారు. యాప్‌కి ఆ ఐదు స్టార్లే తెలుసు, రేటింగ్ పెంచేసింది. ఓనరు గారికి మాత్రం అర్థమైంది. దాన్ని ప్రింటు తీయించి గల్లాపెట్టె వెనక గోడకి అంటించాడు. ఎవరైనా దానికేసి చూస్తే, "మనకి పోటీ వచ్చారండీ" అంటాడు. అక్కడే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, అనడమే కాదు, అనిపించుకోడమూ తెలుసు.

ఇక స్టార్లు తగ్గించాల్సిన సంగతి.

బల్లలు తుడవడానికి కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు. ఆ రోజు రద్దీలో వాడి చేతిలోంచి సాంబారు గిన్నె జారి రెండు బల్లల మధ్య ఒలికింది, ఎవరి మీదా పడలేదు. గల్లాపెట్టె దగ్గర్నుంచి అదే గొంతు, అదే మర్యాద: "దొరగారికి గిన్నె బరువైనట్టుంది, పల్లకీ పిలిపించమంటారా?" హోటల్ హోటలంతా నవ్వింది. కుర్రాడూ నవ్వాడు, ఎందుకంటే నవ్వకపోతే ఇంకోటి పడుతుంది. చెవులు ఎర్రబడిపోయాయి. ఒలికిన చోటు శుభ్రమైపోయాక కూడా తల దించుకుని అదే చోట గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత వాడు ఎటు వెళ్తే అటు నుంచి "దొరగారూ, మంచినీళ్లు" అని పిలుపులు మొదలయ్యాయి, పిలిచింది ఓనరు కాదు, కస్టమర్లు.

నాలాంటి కస్టమర్లతో అన్న మాటకీ వాడితో అన్న మాటకీ ధాటిలో తేడా లేదు. నేను తిరిగి అనగలను, లేకపోతే రేపట్నించి ఎదురు హోటల్‌కి పోగలను. వాడు రెండూ చెయ్యలేడు. జీతం ఇచ్చేవాడు అందరి ముందూ వేసే జోకుకి జవాబు ఉండదు.

మన సాహిత్యంలో బాగా నిలిచిన ఎత్తిపొడుపులు చూడండి, చాలావాటికి గురి పైకే ఉంటుంది. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టాడని తానీషా ఖైదు చేయిస్తే, గోల్కొండ జైల్లో రామదాసు నీకిది చేయిస్తి, నీ తమ్ముడికది చేయిస్తి, సీతమ్మకి చింతాకు పతకం చేయిస్తి అని రాముడికే పద్దు చదివి, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని నిలదీశాడు. అదే కీర్తనలో మళ్లీ దెబ్బలకి ఓర్వలేక తిట్టానయ్యా అని తనే తగ్గాడు. దెబ్బలు తింటున్నవాడు దేవుణ్ణి అన్న మాట కాబట్టే అది ఇప్పటికీ గుళ్లో పాడతారు. ఈ ఊరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, ప్రహసనాలు రాసి ప్లీడర్లనీ లంచగొండి ఉద్యోగుల్నీ ఏకిపారేశారంటే, వాళ్లు ఆయనకి జవాబు చెప్పగలిగినవాళ్లు, కీడు చెయ్యగలిగినవాళ్లు కూడా. బల్ల తుడిచే కుర్రాడి మీద ప్రహసనం రాయడానికి వీరేశలింగం అక్కర్లేదు.

బిల్లు కడుతూ ఓనరు గారితో, "మీ సాంబారుకి ఒలికాక కూడా నేల మీద మరక పడలేదండీ, కుర్రాణ్ణి ఏమనక్కర్లేదు" అన్నాను. మొదటిసారి తలెత్తి చూశాడు. జవాబు రాలేదు, చిల్లర మాత్రం సరిగ్గా ఇచ్చాడు.

పెసరట్టుకి నాలుగున్నర, మాటకి నాలుగు, పనివాళ్లతో నడుచుకునే తీరుకి ఒకటి. పేరు రాయకపోవడానికి కారణం అదే, రాస్తే ఆ రివ్యూ కూడా గోడెక్కుతుంది, దాని కింద బల్లలు తుడవాల్సింది మళ్లీ ఆ కుర్రాడే. వెళ్లేవాళ్లు తొమ్మిదిలోపు వెళ్లండి, బండి సందు మొదట్లోనే పెట్టేయండి, లోపలికి తెస్తే తిప్పుకోడానికి చోటుండదు. కాఫీ మాత్రం అక్కడ తాగకండి. ఇదేంటండీ ఇలా ఉంది అని పొరపాటున అడిగారనుకోండి, "కాఫీయేనండీ, మీరేమనుకుని తాగారు?" అంటాడు.