జ్వరం వైద్యానికి వంక లేదు, రికార్డుల ఫారం మాత్రం మార్చాలి

మా అమ్మకు వచ్చింది స్క్రబ్ టైఫస్ అనే పురుగు కాటు జ్వరమని కనిపెట్టి తగ్గించి పంపింది ఈ హాస్పిటలే. తిరుపతిలో జ్వరానికి ఎక్కడ చూపించాలని అడిగేవాళ్ళకు ఇప్పుడు నేను ఇదే చెబుతున్నా. కానీ ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం డిశ్చార్జి రోజు సంతకం అడిగిన ఒక ఫారం. పేషెంట్ల రికార్డుల్లో పేర్లు తీసేసి ఇన్ఫెక్షన్ల మీద రీసెర్చికి వాడుకుంటామనే ఫారం అది, ఇక్కడ రివ్యూలన్నీ చదివినా దాని గురించి ఎవరూ రాయలేదు.

ముందు వైద్యం సంగతి. అమ్మ ఉండేది పాకాల వైపు పల్లెలో, రోజూ ఆవులకు గడ్డి కోసుకొచ్చే మనిషి. జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే మొదట చూపించిన చోట డెంగీ అనుకుని సెలైన్లు పెడుతూ పోయారు. ఇక్కడ డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, తెర వేయించి, అమ్మ చంకలు, చెవుల వెనక, నడుం మడతలు అన్నీ వెతికింది. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోట బీడీతో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు, అందుకే అది ఉన్నట్టు అమ్మకే తెలీదు. గడ్డిలో, పొదల్లో ఉండే చిగర్ అనే కంటికి ఆనని పురుగు కుట్టిన గుర్తట అది. బ్లడ్ టెస్టు రిజల్టు కోసం ఆగకుండా అప్పుడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, రెండు రోజుల్లో జ్వరం దిగిపోయింది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల మీదికి పోయే జబ్బు ఇది.

ఆ పెచ్చు కోసం వెతకాలని మీకెలా తట్టింది మేడమ్ అని అడిగాను. వానలు పడ్డాక చలికాలం దాకా మన వైపు ఈ కేసులు పెరుగుతాయని పాత రికార్డులు చూసే తెలుసుకున్నామని చెప్పింది. యాంటీబయాటిక్స్ విషయంలోనూ అంతే. యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే టెస్టు, దాని రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతదాకా ఏ మందు వేయాలో గుడ్డిగా కాకుండా, పోయిన ఏడాది ఇక్కడికి వచ్చినవాళ్ళ కల్చర్లలో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగింది, దేనికి లొంగలేదు అని పట్టిక వేసుకుని దాన్నిబట్టి ఇస్తారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని అంచనా. ఆ పట్టిక వేయడానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

ఫారం ఇచ్చిన అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. "పేరు, ఫోన్ నంబరు, ఆధార్, ఇంటి అడ్రసు తీసేస్తామమ్మా. వయసు, ఊరు, అడ్మిట్ అయిన తేదీ, టెస్టులు, మందులు ఉంటాయి. వద్దన్నా వైద్యంలో తేడా ఏమీ ఉండదు." అమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు, "నా జరం ఇంకొకరికి పనికొస్తాదంటే రాసుకో పాపా" అనేసింది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పేర్లు తీసేసిన పాత రికార్డుల మీద స్టడీకి, రీసెర్చి వల్ల పేషెంట్లకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే పేషెంటును అడగకుండా కూడా చేయొచ్చు, అయినా వీళ్ళు అడిగారు. ఇది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది ఊరి పేరు ఉంచడం. చిన్న పల్లెలో అరవై దాటిన ఆడమనిషి ఫలానా తేదీన తిరుపతిలో అడ్మిట్ అయిందంటే పేరు లేకపోయినా ఊళ్ళో ఎవరైనా చెప్పేస్తారు. స్క్రబ్ టైఫస్ కాబట్టి సరే, అదే హెచ్ఐవీ అయితే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి? ఊరికి బదులు మండలం, తేదీకి బదులు నెల రాసుకుంటే జ్వరం ఎక్కడ, ఎప్పుడు పెరుగుతోందో చాలావరకు తెలుస్తుంది కదా. ఇంగ్లాండులో 2020లో కరోనా అప్పుడు పేషెంట్ల రికార్డుల మీద రీసెర్చికి ఓపెన్‌సేఫ్‌లీ అనే కంప్యూటర్ ఏర్పాటు పెట్టారు, అక్కడ రికార్డులు ఉన్నచోటి నుంచి కదలవు, రీసెర్చి చేసేవాళ్ళు తమ ప్రోగ్రామ్ అక్కడికి పంపితే లెక్కల పట్టిక మాత్రమే, అదీ చెక్ చేశాకే బయటికొస్తుంది. ఎవరు ఏ ప్రోగ్రామ్ నడిపారో అందరూ చూడొచ్చు. అంత పెద్ద ఏర్పాటు ఒక్క హాస్పిటల్‌కు కుదరదు, ఒప్పుకుంటా, కానీ ఊరి పేరు కొట్టేయడానికి ఖర్చేమీ లేదు. నేను అడిగితే ఆ అమ్మాయి మా ఫారంలో పెన్నుతో కొట్టేసి మండలం రాసింది, అడగనివాళ్ళకు కూడా అలాగే చేయాలి.

ఇంకోటి, ఫారం మొత్తం ఇంగ్లీషు. అదీ బిల్లు, ఇన్సూరెన్స్ కాగితాల మధ్య పెట్టి ఇస్తున్నారు, ఆ టెన్షన్‌లో చదివేదెవరు? తెలుగులో ఒక పేజీ చేసి, డిశ్చార్జికి ఒకరోజు ముందు వార్డులోనే ఇవ్వండి. తమిళం చదివే పేషెంట్లు కూడా చాలామందే వస్తారు ఇక్కడికి, వాళ్ళకూ ఒకటి.

వైద్యానికి ఐదు, ఫారానికి మూడు, అందుకే నాలుగు స్టార్లు. ఓపీలో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వచ్చి టోకెన్ తీసుకోండి, పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు తప్పకుండా తెచ్చుకోండి. గడ్డిలో, పొలంలో పనిచేసే వాళ్ళయితే ఆ మాట డాక్టరుకు మీరే ముందు చెప్పండి.