"ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చు" అంటే నమ్మకండి

మా తమ్ముడు బీటెక్ మూడో సంవత్సరం. వాడికోసం సికింద్రాబాద్‌లో ఒక షాపులో ల్యాప్‌టాప్ కొన్నాం. 16 జీబీ ర్యామ్‌ది చూపించమంటే, "స్టూడెంట్‌కి 8 చాలు సార్. చాలకపోతే ఇంకో 8 వేయించుకోవచ్చు, పది నిమిషాల పని" అన్నాడు. డబ్బులు మిగుల్తాయి కదా అని తలూపాను.

నెల తిరక్కుండానే మొదలైంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే ఒక నకిలీ ఫోన్‌ని నడిపేది) ఆన్ చేస్తే మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతుంది. పక్కన క్రోమ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు, వాడు టీ పెట్టుకుని వచ్చేదాకా స్క్రీన్ మారదు. సెట్టింగ్స్‌లో చూస్తే 8 జీబీ ఉన్నా, వాడుకోవడానికి 7.3 మాత్రమే అని ఉంది. మిగతాది గ్రాఫిక్స్ ముందే తన వాటాగా తీసేసుకుంది. ఏమీ తెరవకముందే విండోస్ 11 ఇంకో 3 జీబీ పైనే మింగుతోంది. ర్యామ్ నిండాక, ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ మీద పడుతుంది, దానికి ఆ వేగం ఎక్కడిది?

సరే, ర్యామ్ వేయిద్దామని రిపేర్ షాపుకి వెళ్తే, అతను వెనక మూత విప్పి నన్నే పిలిచి చూపించాడు. స్లాటే లేదు. నల్లటి చిన్న చిప్పులు మదర్‌బోర్డుకే టంకం వేసి ఉన్నాయి. "ఇది పెరగదన్నా, కొన్నప్పుడు ఎంతో ఎప్పటికీ అంతే." పాపం, మూత విప్పినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "అది మోడల్‌ని బట్టి సార్" అంటాడు. ఆ ముక్క అమ్మేటప్పుడు నోట్లోంచి రాలేదు.

మీరు కొనేటప్పుడు షాపులోనే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకి అతికించినదే. స్పెక్స్‌లో ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్5 (LPDDR5) అని కనిపించినా దాదాపు అంతే. కొన్నిట్లో అతికించిన ర్యామ్‌తోపాటు ఒక ఖాళీ స్లాటు కూడా ఉంటుంది. అందుకే మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోండి. ర్యామ్ పెంచుకోవచ్చని బిల్లు మీద రాయమనండి, నసిగితే బయటికి వచ్చేయండి.

బ్రౌజింగ్‌కి, వర్డ్, ఎక్సెల్‌కి 8 సరిపోతుంది. కోడింగ్ చేసేవాళ్లు మాత్రం 16కి తగ్గొద్దు. ఏళ్ల తరబడి 8తోనే అమ్మిన ఆపిల్ కూడా 2024లో మాక్‌బుక్ ఎయిర్‌కి కనీసం 16 చేసింది. వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడపడం), పెద్ద వీడియో ఎడిటింగ్ ఉంటేనే 32 ఆలోచించండి.

మావాడు ఎమ్యులేటర్ మానేసి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి అందులోనే యాప్ టెస్ట్ చేసుకుంటున్నాడు. ప్రస్తుతానికి బండి అలా నడుస్తోంది.