గోడమీది పాత పటాలకు ఎప్సన్ వి600 స్కానర్

పల్లెటూళ్ళలో పాత ఫొటోలు ఆల్బమ్‌లో కన్నా గోడమీదే ఎక్కువ. ఏళ్ళ తరబడి వానాకాలపు చెమ్మకు బొమ్మ అద్దానికి అతుక్కుపోతుంది. ఊడదీశారా, ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఎప్సన్ పర్ఫెక్షన్ వి600 విలువ తెలిసేది అక్కడే. ఇందులోది సీసీడీ సెన్సర్ (కటకం ద్వారా కాస్త దూరం నుంచి బొమ్మను పట్టే రకం), 2 మిల్లీమీటర్ల అద్దం అడ్డున్నా బొమ్మ తేటగా వస్తుంది. చౌక స్కానర్లలోని సీఐఎస్ సెన్సర్‌కు (ఆనుకున్నదాన్నే చదివే రకం) ఫొటో గాజుకు ఆనకపోతే మసకే. విడి ప్రింట్లు మాత్రమే ఉన్నవాళ్ళకు ఆ చౌకవి చాలు.

చట్రం విప్పి, అద్దంతో సహా స్కానర్ గాజుమీద బోర్లించండి. కుంకుమ మరకలుంటే బాగా పిండిన గుడ్డతో అద్దం పైవైపే తుడవాలి. అంచుల్లోంచి తడి దిగితే ఫొటోమీది జెలటిన్ పొర ఉబ్బి లేచిపోతుంది.

పెట్టెమీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని ఉన్నా ప్రింటుకు అంత అక్కర్లేదు. 6×9 సెంటీమీటర్ల ఫొటోను 1200లో, 48 బిట్ రంగుల్లో టిఫ్‌గా (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు రకం) దాస్తే సుమారు 72 ఎంబీ అవుతుంది. నలుపు తెలుపు ఫొటోకైనా రంగుల్లోనే తీయాలి. రంగుల బొమ్మ రెడ్, గ్రీన్, బ్లూ అనే మూడు పొరలు (చానళ్ళు) కలిసినది. పసుపు మరక బ్లూ చానల్‌లో నల్లగా, రెడ్ చానల్‌లో దాదాపు కనబడకుండా ఉంటుంది. రెడ్ ఒక్కటే ఉంచుకుంటే మరకల పని సగం తీరినట్టే.

300 డీపీఐ ఎందుకు వద్దంటే, ముక్కుపుడక కోసం. కల్లంలో తూర్పారబడుతున్న ఆడవాళ్ళ ఫొటోలో అది పావు మిల్లీమీటరు ఉంటుందనుకోండి. 300లో 3 పిక్సెళ్ళు, దుమ్ము రేణువుకీ దానికీ తేడా ఉండదు. 1200లో 12 పిక్సెళ్ళు, పుడక పుడకలాగే కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని దుమ్ము తీసే ఫిల్టర్‌ను ఆన్‌లో ఉంచితే పుడకతోపాటు పచ్చబొట్టునీ, చేటలోంచి జారే గింజల్నీ తుడిచేస్తుంది. అందుకే దాన్ని ఆపేసి, పెద్దది చేసి చూస్తూ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని హీలింగ్ బ్రష్‌తో (మచ్చను పక్క భాగంతో పూడ్చే పనిముట్టు) ఒక్కో చుక్కా చేత్తోనే తీయాలి. విసుగు పుట్టించే పనే, కానీ అడ్డదారి లేదు. ముఖాలను వాటంతటవే బాగుచేసే ఏఐ యాప్‌ల జోలికి వెళ్ళకండి. మసకబారిన చోట అవి కొత్త కళ్ళు గీస్తాయి, ఇంట్లోవాళ్ళు ఆ మనిషిని గుర్తుపట్టలేరు.

నెగటివ్‌లు 35 ఎంఎం, అంతకన్నా వెడల్పైన 120 రకం రెండూ పడతాయి. పరారుణ కాంతితో దుమ్మును పసిగట్టి తీసేసే డిజిటల్ ఐస్ ఏర్పాటును మాత్రం నలుపు తెలుపు ఫిల్ముకు వాడకూడదు. అందులోని వెండి పరారుణ కాంతిని అడ్డుకోవడంతో స్కానర్ బొమ్మనే దుమ్మనుకుంటుంది. ఫిల్ము వంగి గాజును తాకితే ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి, ముందే బరువు కింద పెట్టి చదును చేయాలి.

గరుకు కాగితం ప్రింట్లను ఒకసారి మామూలుగా, ఒకసారి గాజుమీదే 180 డిగ్రీలు తిప్పి తీసి, రెండో బొమ్మను కంప్యూటర్‌లో మళ్ళీ నిటారుగా తిప్పి, ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి పైదాన్ని 50 శాతం పలచన చేస్తే గరుకు చాలావరకు తగ్గుతుంది. గాజు ఏ4 కొలతే కనుక, 10×12 అంగుళాల బడి గ్రూప్ ఫొటోను రెండు ముక్కలుగా తీసి అతకాలి. మధ్యలో 4 సెంటీమీటర్లు రెండింటిలోనూ పడేలా చూసుకోండి, అతుకు ఎవరి ముఖంమీదా రాకూడదు.