మూడు కత్తిరి ఎండలు చూసిన చిల్లర్

రోటావాప్ (సాల్వెంట్‌ను వాక్యూమ్‌లో ఆవిరి చేసి, కండెన్సర్ మీద మళ్ళీ చుక్కకట్టించి తీసే యంత్రం) గురించి కాదు, దాని కింద మూలన గుయ్యిమంటూ పడి ఉండే చిల్లర్, అంటే ఆ కండెన్సర్‌లోకి చల్లటి ద్రవం తిప్పే పెట్టె గురించి రాస్తున్నాను. ఫ్లాస్కు తిరిగే వేగం, బాత్ వేడి, గాజు నాణ్యత ఏ కంపెనీ కాగితంలోనైనా దొరుకుతాయి. చెన్నైలో ఆర్గానిక్ ల్యాబ్ పని నడిచేది మాత్రం చిల్లర్ మీదే. కొనే రోజున దాన్ని అందరూ చిల్లర ఖర్చు కింద కొట్టేస్తారు, అదే నా బాధ.

మన పంచాంగంలో కర్తరి అంటామే, ఇక్కడ కత్తిరి అంటారు. మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. ఆ రోజుల్లో చిల్లర్ లేకుండా కండెన్సర్‌కి కొళాయి నీళ్ళే పెడదామంటే, మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్ళు 35 డిగ్రీలకు తక్కువ రావు. ఈథర్ మరిగేదే 34.6 దగ్గర, డీసీఎం (డైక్లోరోమీథేన్) 39.6 దగ్గర. 35 డిగ్రీల కండెన్సర్ మీద డీసీఎం చుక్క కట్టాలంటే లోపలి పీడనం 850 మిల్లీబార్ కంటే పెద్దగా తగ్గకూడదు. అంటే వాక్యూమ్ పెట్టీ పెట్టనట్టే. అంతకన్నా లాగితే సాల్వెంట్ రిసీవర్లోకి కాక పంపులోకి, అక్కడినుంచి మన ముక్కులోకి పోతుంది. నీళ్ళ ధారతోనే గాలి లాగే ఆస్పిరేటర్ గతీ అంతే. 35 డిగ్రీల నీటి ఆవిరి పీడనమే 56 మిల్లీబార్లు, అది అంతకన్నా కిందికి దిగదు. టాల్యూయిన్ 40 డిగ్రీలకు మరగాలంటే 77 కావాలి, మధ్యలో మిగిలే తేడా ఏ చిన్న లీకుకైనా సరిపోతుంది. పైగా 2019 వేసవిలో రెడ్ హిల్స్, చెంబరంబాక్కం రిజర్వాయర్లు అడుగంటిన సంగతి తెలిసిన ఊళ్ళో కొళాయి గంటల తరబడి తిప్పి వదిలేస్తే చూసేవాళ్ళు ఊరుకోరు.

చిల్లర్ 5 డిగ్రీల దగ్గర, బాత్ 40 దగ్గర పెట్టి, డీసీఎంకి 600 మిల్లీబార్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా దించితే, అర లీటరు పోసినదాంట్లో 450 మి.లీ. పైనే రిసీవర్లో కనబడుతుంది. మొదటి ఏడాది ఈ ఒక్క కారణానికే దీన్ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పొగిడి చెప్పాను.

ఇప్పుడు ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

రెండో వేసవిలో కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్న తొమ్మిదికి ఆన్ చేస్తే బుద్ధిగా చల్లబడేది. పదకొండు దాటాక డిస్‌ప్లే 8, 9 దగ్గర ఆగిపోయేది. కంప్రెసర్ ఆగకుండా తిరిగేది, హోస్‌లో ప్రవాహం సన్నబడేది. రాత్రి ఆపేస్తే మర్నాడు మళ్ళీ మామూలే. సర్వీసు మనిషి పొద్దున్నే వచ్చి, అంతా బాగానే ఉందని చూసి, చివరికి గ్యాస్ తగ్గి ఉంటుంది, నింపాలి అన్నాడు. గ్యాస్ తగ్గితే పొద్దున్న కూడా చల్లబడకూడదు కదా! చిల్లర్ ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూస్తే, లోపల చల్లబరిచే గొట్టం చుట్ట, అదే కాయిల్, చుట్టూ వేలెడు మందాన మంచు. పంపు జాలీ మీద కూడా మంచు పెచ్చు. ఆ మంచు దుప్పటిలా కాయిల్‌ను కప్పేస్తే చలి బయటికి రాదు. రాత్రికి కరిగిపోయేది కాబట్టి పొద్దున్న ఆనవాలు లేదు.

కారణం, ట్యాంకు నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్ పలచబడటం. మా ట్యాంకు పది లీటర్లు. మొదట మూడు లీటర్ల ఇథిలీన్ గ్లైకాల్, ఏడు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోశాం. అది మైనస్ 14 దాకా గడ్డకట్టదు. కార్ల మెకానిక్ వాడే కూలెంట్ రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే ఇప్పుడది మైనస్ 6కి వచ్చింది. ఆ వేసవిలో మేం సెట్ చేసింది మైనస్ 5. కాయిల్ ఒళ్ళు ట్యాంకు కన్నా ఇంకొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఇక మంచు పట్టక ఏంచేస్తుంది? ఎవరికి తోస్తే వాళ్ళు ట్యాంకులో ఉత్త నీళ్ళు పోశారు, అది సగం తప్పు. మిగతా సగం ఈ ఊరి గాలిది. మూత కింది ఫోమ్ పట్టీ చీలితే సముద్రపు తేమ నేరుగా ఆ చల్లటి ట్యాంకులోకి దిగుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చే జూనియర్లు "అన్నా, అక్కడ మట్టం తగ్గేది, ఇక్కడ పెరుగుతోందేంటి" అనేది ఇందుకే.

మొత్తం తీసేసి (సింకులో పారబోయకూడదు, గ్లైకాల్ విషం, వేస్ట్ క్యాన్‌లోకే) కొత్త మిశ్రమం పోసి, పట్టీ మార్చి, హోస్‌లు దూరే కంతల్లో నల్ల నైట్రైల్ ఫోమ్ కూరాం. పక్కనే 30 శాతం మిశ్రమం కలిపిన సీసా ఉంటుంది, టాప్-అప్ అందులోంచే. చల్లదనం ఎక్కువ కావాలని గ్లైకాల్‌ను సగానికి సగం పోసేవాళ్ళున్నారు. చిక్కబడి ప్రవాహమే తగ్గుతుంది. హోస్‌లకూ అదే ఫోమ్ తొడగకపోతే కారే చెమట ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పడుతుంది.

మైనస్ 5 అవసరమే లేదని కూడా అప్పుడే తెలిసింది. కాగితంలో రాసే కూలింగ్ కెపాసిటీ సాధారణంగా 15, 20 డిగ్రీల దగ్గరి లెక్క. సున్నా దగ్గర అది బాగా పడిపోతుంది. లీటరు డీసీఎం అరగంటలో లాగితే దాదాపు 250 వాట్ల వేడి చిల్లర్ మీద పడుతుంది. అదే మెథనాల్ అయితే 480 దాకా. డీసీఎంకి 5 చాలు, ఇథైల్ ఎసిటేట్‌కి 15 అయినా సరిపోతుంది.

ఇంకొకటి. వెనక గ్రిల్లును గోడకు ఆనించి పెట్టొద్దు, కాలమ్ ప్యాక్ చేసే (గాజు గొట్టంలో సిలికా పొడి నింపే) బల్ల కింద అసలే వద్దు. 230-400 మెష్ సిలికా, అంటే ఆ సన్నటి పొడి, గ్రిల్లు రెక్కల మధ్య చేరితే గాలి ఆడదు, మధ్యాహ్నం ట్రిప్ అవుతుంది. నెలకోసారి స్విచ్ ఆపి, మాస్క్ పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో రెక్కల వాలునే దులుపుతున్నాం.

మాది ఏసీ సాయంత్రం ఆరుకే ఆగిపోయే గది, పని ఎక్కువగా డీసీఎం, హెక్సేన్ ఫ్రాక్షన్లు. నీటి ద్రావణాలు ఆవిరి చేసేవాళ్ళకు ఇది చాలకపోవచ్చు. బెంగళూరులో ఇంత అవసరం పడుతుందో లేదో కూడా అక్కడివాళ్ళే చెప్పాలి. మొన్న పక్క ల్యాబ్ వాళ్ళు రెండో రోటాను కూడా దీనికే తగిలిస్తామని అడిగారు. మెథనాల్ పెట్టనంతవరకు సరేనన్నాం, అదీ జూన్ దాటాక.