కాగితాల కంటే ముందు మనుషుల లెక్క అడిగిన లాయరు ఆఫీసు

నాన్నగారు తన సంపాదనతో కట్టిన ఇంటిని పూర్తిగా అమ్మ పేరు మీదకు మార్చాలని నేనూ చెల్లీ అనుకున్నాక, కుటుంబ తగాదాలూ ఇళ్ల హక్కుల వ్యవహారాలూ రెండూ చూసే ఒక న్యాయవాద కార్యాలయానికి వెళ్లాము. కేసు ఏదీ లేకుండా కేవలం సలహా కోసం లాయరు గడప తొక్కడం మా ఇంట్లో అదే మొదటిసారి. ఆ కార్యాలయం పనిలో నచ్చిన వాటితో పాటు నచ్చనివి కూడా రాస్తున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు.

అంతకుముందే ఒక దస్తావేజు లేఖరి మాకు ముసాయిదా రాసి ఇచ్చారు. నాన్నగారు వీలునామా రాయకుండా 2016లో మరణించారనీ, ఆయనకు భార్య, కొడుకు, కూతురు మాత్రమే వారసులనీ, పిల్లలిద్దరూ తమ వాటాలను తల్లికి వదులుకుంటున్నారనీ అందులో ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లోనూ మా ముగ్గురి పేర్లే ఉండడంతో మాకు అనుమానం రాలేదు. స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తే చాలు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆయన అన్న మాట మాత్రం చెల్లికి మింగుడుపడలేదు.

లాయరుగారు మా ఫైలు తెరవలేదు. పన్ను రసీదు జిరాక్సు ఒకటి తీసుకొని, దాని వెనుక పెన్సిలుతో మా వంశవృక్షం గీస్తూ, నాన్నగారు పోయిన రోజున ఆయన తల్లి జీవించి ఉన్నారా అని అడిగారు. నానమ్మ అప్పుడు మాతోనే ఉంది, 2019లో పోయింది. లాయరుగారు నానమ్మ పేరు చుట్టూ సున్నా చుట్టారు. ‘‘అత్తయ్యగారికి ఇందులో వాటా ఏమిటండీ?’’ అని అమ్మ ఆశ్చర్యపోయింది. ‘‘ఆవిడ కన్నతల్లి కదమ్మా. కొడుకు వీలునామా రాయకుండా పోతే భార్యకూ పిల్లలకూ ఎంతో తల్లికీ అంతే’’ అని ఆవిడ సమాధానం చెప్పారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసుల్లో, అంటే అందరికంటే ముందు వాటా పొందేవారిలో, తల్లి కూడా ఉంటుందన్న సంగతి చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అలా మా ఇంట్లో నాలుగో వంతు నానమ్మకు చెందింది. తాతగారు అప్పటికే లేరు కాబట్టి, నానమ్మ పోగానే ఆ వాటా అదే చట్టంలోని 15వ సెక్షన్ కింద ఆవిడ పిల్లలకు, అంటే బాబాయికీ మేనత్తకూ, తనకంటే ముందే పోయిన కొడుకు పిల్లలమైన మా ఇద్దరికీ వెళ్లింది. కోడలికి అందులో భాగం లేదు. లాయరుగారు ఇంటిని ఇరవై నాలుగు పాళ్లు చేసి లెక్క చూపించారు: అమ్మకు ఆరు, నాకూ చెల్లికీ చెరి ఏడు, బాబాయికి రెండు, మేనత్తకు రెండు. తన ఇంట్లో తనకంటే పిల్లలకే ఎక్కువ వాటా ఉందని అమ్మ ఆ రోజంతా మమ్మల్ని ఆటపట్టించింది. ఆ పాత ముసాయిదా మీద సంతకాలు పెట్టి ఉంటే, బాబాయి, మేనత్తల చేతిలో ఉన్న ఆరో వంతు ఎవరి ఎరుకలోనూ లేకుండా మిగిలిపోయేది. ఇల్లు అమ్మే రోజునో, బ్యాంకు అప్పుకు వెళ్లిన రోజునో బయటపడేది.

నోటరీ సంగతి కూడా అక్కడే తేలిపోయింది. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కును వదులుకునే పత్రాన్ని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. మరి మా బంధువులు కొందరు తెల్లకాగితం మీదే పంచుకున్నారు కదా అని అడిగాను. ముందుగానే నోటిమాటగా జరిగిపోయిన కుటుంబ ఒప్పందాన్ని జ్ఞాపకం కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పిందనీ, ఆ కాగితంతోనే హక్కు మారుతుంటే మాత్రం ఆ మినహాయింపు వర్తించదనీ ఆవిడ వివరించారు. ఇంత చిన్న తేడాను అంత ఓపికగా చెప్పేవారు అరుదు.

ఆడపిల్లలకు 2005 సవరణతోనే వాటా వచ్చిందనుకొని చెల్లి తన పెళ్లి తేదీ గురించి దిగులుపడింది. ఆ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించినదనీ, తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోయినప్పుడు, కూతురికి 1956 నుంచీ కొడుకుతో సమానంగా వాటా ఉందనీ తెలిశాక ఆ దిగులు తీరింది. మున్సిపల్ రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్య హక్కు రాదని కూడా చెప్పారు. అది మేము ఎక్కడో విన్నదే.

ఇక లోపాల విషయానికి వస్తే, రాతపూర్వక అభిప్రాయం వారంలో ఇస్తామని చెప్పి మూడు వారాలు తిప్పారు. ఫోను చేస్తే ప్రతిసారీ ఒక కొత్త జూనియరు ఎత్తడం, మేము కథంతా మొదటి నుంచి చెప్పుకోవడం మామూలైంది. తీరా వచ్చిన అభిప్రాయం మొత్తం ఇంగ్లీషులో ఉంది. పెన్సిలు గీతలతో అమ్మకు అరగంటలో అర్థమైన విషయం ఆ ఆరు పేజీల్లో నాకే రెండుసార్లు చదివితే గానీ బోధపడలేదు. సలహాకు ఇచ్చే ఫీజులో దస్తావేజు రాయడం కలవదన్న మాట కూడా ముందు చెప్పలేదు, చివర్లో చెప్పారు. మాట్లాడే తీరుకు నేను అయిదుకు అయిదు ఇస్తాను, కార్యాలయం నిర్వహణకు రెండు మించి ఇవ్వలేను.

బాబాయి, మేనత్తలు కూడా తమ వాటాలను అమ్మకు వదులుకునేలా కొత్త ముసాయిదా తయారైంది. బాబాయి దాని నకలు తీసుకొని పది రోజులు చదివి, ఒక్క సర్వే నంబరు సరిచేయించి సంతకానికి వచ్చారు. మేనత్త చదవకుండానే వేలిముద్రకు చేయి చాపితే సబ్‌రిజిస్ట్రారే ఆపి, దేనికి సంతకం చేస్తున్నారో తెలుసా అని అడిగారు. ‘‘మా వదినకు మా అమ్మ వాటా ఇస్తున్నాను’’ అని ఆవిడ చెప్పింది.

ఇలాంటి పని మీద అక్కడికి వెళ్లేవారు లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం), పన్ను రసీదులతో పాటు ఇంట్లో పోయిన పెద్దలందరి మరణ ధ్రువపత్రాలనూ వెంట తీసుకువెళ్లాలి. నానమ్మది మా దగ్గర లేకపోవడంతో మేము రెండోసారి వెళ్లవలసి వచ్చింది.