పొడి నింపే పౌచ్ మెషిన్: నాలుగేళ్లు నడిపాక

ఈ ఆటోమేటిక్ పౌచ్ మెషిన్ మా షెడ్డుకి వచ్చి నాలుగేళ్లు దాటింది. రోల్ నుంచి ఫిల్మ్ లాక్కుని, కాలర్ మీదుగా గొట్టంలా చుట్టి, నిలువు సీల్ వేసి, ఆగర్ అనే తిరిగే మరతో డిటర్జెంట్ పొడి దింపి, అడ్డ సీల్ వేసి కోసేస్తుంది. నిమిషానికి 60 ప్యాకెట్లని చెప్పి అమ్మారు. మేం 40 దగ్గరే నడుపుతాం. 60 రావని కాదు, వస్తాయి. వాటిలో లీకయ్యేవీ వస్తాయి. వేగం పెంచితే జా (సీల్ వేసే వేడి దవడ) ఫిల్మ్‌ని పట్టి ఉంచే సమయం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చాలని వేడి పెంచితే సీల్ ముడతలు పడుతుంది, అంచు పెళుసెక్కుతుంది.

అసలు తలనొప్పి మాత్రం దుమ్ము. ఆగర్ ఆగాక కూడా దాని కొస నుంచి చిటికెడు పొడి జారుతుంది. అప్పుడే జా మూసుకుందా, సీల్ మధ్యలో నలుసులు ఇరుక్కుంటాయి. పైకి ప్యాకెట్ శుభ్రంగానే కనిపిస్తుంది. బకెట్ నీళ్లలో ముంచి నొక్కితే ఆ చోటు నుంచి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. మొదటి ఏడాదంతా హీటర్ని, వేడి కొలిచే థర్మోకపుల్‌ని, చివరికి ఫిల్మ్ పంపినవాళ్లని కూడా తిట్టుకున్నాం. తీరా చూస్తే, పొడి పడటానికీ జా మూయడానికీ మధ్య పావు సెకను ఎడం పెట్టాక సగం లీకేజీ పోయింది. గంటకోసారి జా పళ్లని ఇత్తడి బ్రష్‌తో దులిపితే మిగతాది చాలావరకు తగ్గింది.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఆగర్ తూకం వేయదు, తిరిగినన్ని చుట్లకి సరిపడా పరిమాణం దింపుతుందంతే. హాపర్లో (పొడి పోసే తొట్టిలో) పొడి అడుగంటితే దాని నొక్కుడు తగ్గి, ప్యాకెట్ తేలికవుతుంది. అందుకే సగానికి తగ్గనివ్వం.

ఫిల్మ్ మీది గుర్తు చూసి ఎక్కడ కోయాలో చెప్పే ఐ మార్క్ సెన్సర్ మీద దుమ్ము పేరుకున్న రోజు మరీ విచిత్రం. పేరు పై సగం ఒక ప్యాకెట్ మీద, కింద సగం ఇంకో దాని మీద! మెత్తటి గుడ్డతో ఒక్క తుడుపు చాలు, కానీ అది తట్టేలోపు వంద ప్యాకెట్లు చెత్తలోకి పోయాయి. జాకి ఫిల్మ్ అంటుకోకుండా వేసే టెఫ్లాన్ మాడితే మార్చడం, కంప్రెసర్లో నీళ్లు వదలడం మామూలు పనులే.

మళ్లీ కొనాల్సి వచ్చినా ఈ రకమే కొంటాను. డెమోకి మాత్రం మా పొడి, మా ఫిల్మ్ రోల్ పట్టుకెళ్తాను. ఆ రోజు వాళ్లు పోసి చూపించినవి గరుకు పలుకులు. వాటికి దుమ్మే లేదు.