క్లాస్ సివ్ తీసుకోవాలా, ఏన్షియంట్ హిస్టరీనా?

ఆగస్టులో జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న. "అక్కా, మా పాప ఎ-లెవెల్స్‌లో (మన ఇంటర్ లాంటిది) మూడో సబ్జెక్టుగా గ్రీకులు, రోమన్ల గురించి చదువుతానంటోంది. క్లాసికల్ సివిలైజేషన్ మంచిదా, ఏన్షియంట్ హిస్టరీనా?" మా ఇంట్లో రెండూ చూశాం. అమ్మాయి క్లాస్ సివ్ (క్లాసికల్ సివిలైజేషన్‌ను అలానే అంటారు) రాసి యూనివర్సిటీకి వెళ్లింది. అబ్బాయి పోయిన సెప్టెంబర్‌లో ఏన్షియంట్ హిస్టరీలో చేరాడు.

ముందు మెడిసిన్ టెన్షన్ సంగతి. కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే చాలా మెడికల్ స్కూళ్లు మూడోదాన్ని పెద్దగా పట్టించుకోవు. అనుకున్న కోర్సు నిబంధనలు మాత్రం ఒకసారి చూసుకోండి. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు పెట్టే ఈ రెండు సబ్జెక్టులకూ లాటిన్ రానక్కర్లేదు, అన్నీ అనువాదాల్లోనే చదువుతారు. కోర్స్‌వర్క్ లేదు, అంతా చివరి పరీక్షల మీదే. ఏది తేలిక అని అడిగితే, రెండిట్లోనూ పెద్ద వ్యాసాలు రాయాలి. రాయడం ఇష్టంలేని పిల్లలకు రెండూ కష్టమే.

నాకు తెలిసి అసలు తేడా ఒక్క చోటే ఉంది. రెండువేల ఏళ్లనాటి పుస్తకం చేతికిస్తే పిల్లలు దాన్ని ఎలా చదవాలి అన్న దగ్గర.

క్లాస్ సివ్‌లో దాన్ని కావ్యంగా చదువుతారు. 40 శాతం మార్కులు వీరుల కావ్యాల పేపర్‌వే. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ గానీ ఒడిస్సీ గానీ ఒకటి, దానితోపాటు రోమన్ కవి వర్జిల్ ఈనీడ్. మిగతా రెండు పేపర్లలో గ్రీకు నాటకం, గ్రీకు మతం లాంటి వాటిలోంచి స్కూలు ఎంచుకున్నవి ఉంటాయి. ఇలియడ్ చివర్లో ట్రాయ్ ముసలి రాజు ప్రియమ్ శత్రువు గుడారానికి వెళ్తాడు. తన కొడుకును చంపిన అకిలీస్ చేతులనే ముద్దు పెట్టుకుని, కొడుకు శవాన్ని ఇమ్మని వేడుకుంటాడు. అది చదివిన రాత్రి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మమ్మ చెప్పిన గాంధారి గుర్తొచ్చింది" అంది. భారతం వింటూ పెరిగిన పిల్లలకు ఈ పేపర్ పరాయిగా అనిపించదు.

ఏన్షియంట్ హిస్టరీలో పుస్తకం ఒక సాక్షి. చెప్పింది వినాలి, నిలదీయాలి. రెండు పేపర్లు, ఒక్కొక్కటి రెండున్నర గంటలు, చెరి సగం మార్కులు. గ్రీకు వైపు క్రీ.పూ. 492 నుంచి 404 వరకు, రోమన్ వైపు అగస్టస్ నుంచి నీరో దాకా చక్రవర్తుల కాలం అందరూ చదవాలి. వాటితోపాటు ఒక్కో వైపు ఒక చిన్న కాలాన్ని లోతుగా చదువుతారు. మావాడి స్కూలు రోమన్ బ్రిటన్ తీసుకుంది. అందులో ముఖ్యమైన ఆధారం, బ్రిటన్‌కు రోమన్ గవర్నర్‌గా పనిచేసిన అగ్రికోలా గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన జీవితచరిత్ర. టాసిటస్ ఆయనకు స్వయానా అల్లుడు! మామగారి గురించి అల్లుడు రాసిందాంట్లో ఎంత నమ్మాలి? పైగా రాసింది క్రీ.శ. 98 ప్రాంతంలో. అగ్రికోలాను వెనక్కి పిలిపించిన చక్రవర్తి డొమిషియన్ 96లోనే చనిపోయాడు. అంటే ఇక భయం లేని కాలం. మరి ఆ మాటల్లో నిజమెంత, పాత కోపమెంత? రోమన్లను ఎదిరించిన కాల్గకస్ అనే నాయకుడి నోట పెట్టిన గొప్ప ఉపన్యాసం కూడా టాసిటస్ కూర్చిందే అంటారు. మరోవైపు ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా అనే రోమన్ కోటలో దొరికిన పలచని చెక్కముక్కలున్నాయి. వాటిలో ఒకదాని మీద ఒక అధికారి భార్య తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలికి రాసుకుంది. ఆమెకు చరిత్ర రాస్తున్నానన్న ఊహ కూడా లేదు. ఏ సాక్షి ఏ విషయంలో పనికొస్తాడో తూచడమే ఈ చదువు.

మొన్న మా నాన్న ఫోన్‌లో ఊళ్లో పొలం పంపకాల కథ చెప్తుంటే, మావాడు "ఇది మీకెవరు చెప్పారు తాతయ్యా? అప్పటికి మీ వయసెంత?" అని అడిగాడు. నాన్న కాసేపు ఆగి, మా మేనత్త వైపు కథ వేరేగా ఉంటుందని మొదటిసారి ఒప్పుకున్నారు. అందుకే నా మొగ్గు ఏన్షియంట్ హిస్టరీ వైపు. రోజూ వాట్సాప్‌లో వచ్చిపడే వాటి మధ్య పెరిగే పిల్లలకు ఈ అలవాటు చాలా అవసరమని గట్టిగా నమ్ముతున్నాను. అయితే కథలో మునిగిపోయే పిల్లలను ఇందులోకి బలవంతంగా తోయకండి. మా అమ్మాయి ఇందులో ఇమిడేది కాదు.

లాటిన్ గురించీ అడుగుతున్నారు. అది పూర్తిగా భాషా చదువు, జీసీఎస్‌ఈలో లేకుండా ఎ-లెవెల్‌లో మొదలుపెట్టడం మామూలుగా కుదరదు. రాలేదని దిగులు వద్దు, కేంబ్రిడ్జ్‌లో క్లాసిక్స్ (గ్రీకు, రోమన్ ప్రపంచాల చదువు) చదవడానికి లాటిన్ లేనివాళ్లకు నాలుగేళ్ల కోర్సు ఉంది.

ఏన్షియంట్ హిస్టరీ చెప్పే స్కూళ్లు తక్కువ. దగ్గర్లో క్లాస్ సివ్ ఒక్కటే ఉంటే హాయిగా అదే తీసుకోండి, ఏన్షియంట్ హిస్టరీ కోసం గంట బస్సు ప్రయాణం వద్దు. రెండూ ఉంటే ఓపెన్ ఈవినింగ్‌లో (స్కూలు చూడ్డానికి పిలిచే సాయంత్రం) టీచర్‌ను ఏ భాగాలు చెప్తారో అడగండి. ఒక స్కూల్లో స్పార్టా ఉంటే ఇంకో స్కూల్లో అలెగ్జాండర్ మాసిడోనియా ఉంటుంది, రెండేళ్లు వాటితోనే గడపాలి కదా.